బాతు బొమ్మ కంప్యూటర్

"నీ సామానేదో మా బేస్‌మెంట్‌లో ఉండిపోయిందే, వచ్చి తీసుకెళ్ళు" అని రాజ్యలక్ష్మి ఆంటీ ఫోన్ చేసినప్పుడు నాకేమీ అర్థం కాలేదు. పన్నెండేళ్ళ కిందట అరోరాలో వాళ్ళ బేస్‌మెంట్ ఖాళీ చేసి వచ్చినప్పుడు నాకున్నవి రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్. మూడూ నాతోనే వచ్చాయి. అయినా టికెట్ బుక్ చేశాను. ఆంటీ ఆ ఇల్లు అమ్మేసి శాంటా క్లారాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. పోయిన చలికాలం వాళ్ళాయన సత్యమూర్తి అంకుల్ చనిపోయినప్పుడు, ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందంటూ రెండ్రోజులుండి పరుగెత్తుకొచ్చిన మనిషిని నేను. ఆ సిగ్గు కొంత, ఆ ఇంటిని ఆఖరిసారి చూడాలన్న ఆశ కొంత, నన్ను నేనుంటున్న ప్లేనో నుంచి లేవదీశాయి.

బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన చెక్క అరలో, పాత చీర ముక్క కప్పి ఉంది నా సామాను. ముక్క తీశాను. బూడిద రంగు కంప్యూటర్ డబ్బా, పక్కనే దాని లావుపాటి మానిటర్. డబ్బా ముందు వైపు నేను అంటించిన పెంగ్విన్ స్టిక్కర్ సగం ఊడి వేలాడుతోంది. దాని పైన కుంకుమ బొట్లు, ఏటా దసరాకి ఒకటి చొప్పున, ఒకదాని పక్కన ఒకటి వరసగా ఉన్నాయి. పక్క రేకుకి గాలి కోసం ఉండే చిల్లుల మీద కిటికీ దోమతెర ముక్క ఒకటి కత్తిరించి టేపు వేసి ఉంది. నాలుగు మూలలూ సమంగా ఉన్నాయంటే అది అంకుల్ పనే. చూస్తూ చూస్తూ అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

ఎమ్మెస్ చేసే రోజుల్లో రెండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను. మాది కరీంనగర్, వాళ్ళది తెనాలి. చుట్టరికం ఏమీ లేదు, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళం, అంతే. ఆ ఇంట్లో పొద్దు ఎలా మొదలయ్యేదో ఇప్పటికీ వరసగా చెప్పగలను. ముందు నా నెత్తి మీద ఆంటీ చెప్పుల చప్పుడు, తర్వాత కాఫీ ఫిల్టర్ మూత టక్కుమనడం, ఆ తర్వాత హీటర్ వేడిగాలితో పాటు గొట్టాల్లోంచి డికాషన్ వాసన నా మంచం దగ్గరికి దిగడం. అలారం పెట్టుకోవలసిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆంటీ ఇంగువ పోపు వేసే ముందు "ఏవండీ, రండి!" అని ఒక కేక వేసేది. అంకుల్ అట్టముక్క పట్టుకొచ్చి స్మోక్ అలారం కింద నిలబడి, అది మోగకుండా విసురుతూ ఉండేవారు. భార్య వంటలో ఆయన వాటా అది. చలి మొదలవగానే పెరట్లోని తులసి కుండీ, కరివేపాకు కుండీ లోపలికొచ్చి వంటింటి కిటికీ దగ్గర కాపురం పెట్టేవి. మంచు కరిగేదాకా ఆ రెండు మొక్కలకీ మాతో పాటే కాఫీ వాసన, పోపు వాసన.

నేను దిగిన కొన్ని నెలలకే అంకుల్ ఉద్యోగం పోయింది. మెయిన్‌ఫ్రేములనే పాతకాలపు పెద్ద కంప్యూటర్ల మీద ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి. ఆ రోజుల్లో లేఆఫ్ మాట వినని తెలుగిల్లు మా చుట్టుపక్కల తక్కువే. కానీ యాభై ఆరేళ్ళ మనిషికి మళ్ళీ ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. అయినా ఆయన పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, ఎనిమిదింటికల్లా "ఆఫీసుకెళ్తున్నా రాజ్యం" అని చెప్పి వంటింటి పక్క గదిలోకి వెళ్ళేవారు. మధ్యలో ఉన్నది ఎనిమిది అడుగులు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. నెలలు గడిచేకొద్దీ ఆ నవ్వు రావడం మానేసింది. సాయంత్రం ఐదింటికి ఆయన గదిలోంచి బయటికొస్తే, ఆంటీ నిజంగానే ఆఫీసు నుంచి వచ్చిన మనిషికి ఇచ్చినట్టు మంచినీళ్ళు ఇచ్చేది. ఏమైందని అడిగేది కాదు.

ఆ గదిలో ఉన్న కంప్యూటర్ వాళ్ళమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడు కొన్నది. మీట నొక్కి, పప్పు మూడో విజిల్ వచ్చేదాకా ఆగితే గానీ తెర మీదికి ఏదీ వచ్చేది కాదు. రెజ్యూమె ఒకటి తెరిస్తే ఇంకో విండో బిగుసుకుపోయేది. "ఇది నాకంటే ముందే రిటైరైందమ్మా శైలూ" అనేవారు అంకుల్. కొత్తది కొందామంటే ఆంటీ సరేనన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు. నాకేమో అప్పుడే కాలేజీలో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పిచ్చి పట్టింది. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ళకుండే ఆవేశం కదా, ఎవరి కంప్యూటర్ కనబడితే దాని మీద పడేదాన్ని.

"అంకుల్, దీనికి లైనక్స్ ఎక్కిస్త. గుర్రమైతది చూడున్రి."

"గుర్రమైతే నేను స్వారీ చెయ్యాలిగా తల్లీ! పడేస్తుందేమో."

"పడెయ్యదు. పూచీ నాది."

ఆ మాట అన్నాను. ఇప్పటికీ చెవిలో వినిపిస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. కాలేజీ ల్యాబ్‌లో సీడీ రాసుకొచ్చాను. అందులో ఉన్నది తేలికపాటి డెస్క్‌టాప్. హంగులూ నీడలూ తళుకులూ ఏమీ లేకుండా, ఫైలు తెరవడానికి, ఉత్తరం రాసుకోవడానికి, ఇంటర్నెట్ చూడడానికి ఎంత కావాలో అంతే ఉంటుంది. ముందు డిస్కుని ముట్టుకోకుండా సీడీ నుంచే నడిపి చూపించాను. అంకుల్ కళ్ళజోడు సర్దుకుని, "ఇదేదో మన పాత మెయిన్‌ఫ్రేము మనవడిలా ఉందే" అని సంబరపడ్డారు. రెజ్యూమెలూ, కూతురి ఫొటోలూ భద్రంగా తీసి పక్కన పెట్టాక, డిస్కు తుడిచేసి ఎక్కించడం మొదలుపెట్టాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వరదలా పోతుంటే, పకోడీల పళ్ళెంతో వచ్చిన ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమే, పాడుచేశావా?" అంది. అంతలో మూల నుంచి లైనక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ వచ్చింది. "బాతెందుకు వచ్చిందే అందులోకి?" అంది. అది బాతు కాదని ఆ రోజు నుంచి ఎన్నిసార్లు చెప్పానో! ఆంటీ దృష్టిలో అది చివరిదాకా బాతే.

అసలు తంటా ఇంటర్నెట్ దగ్గర వచ్చింది. లోపలున్న పాత మోడెమ్‌ని లైనక్స్ గుర్తుపట్టనంది. ల్యాబ్‌లో పక్కన పారేసిన పెట్టెలోంచి ఒక నెట్‌వర్క్ కార్డు అడిగి తెచ్చి బిగించాను. బిగించాను అనడం కూడా పెద్ద మాటే, దానికి ఉండాల్సిన మర, అదే స్క్రూ, దొరకలేదు. వైరు కొంచెం లాగినా కార్డు పైకి లేచి ఇంటర్నెట్ పోయేది. మర కోసం ఏ షాపుకో వెళ్తే సరిపోయేది. నాకంత ఓపికేది? డబ్బాని అడ్డంగా పడుకోబెట్టాను. కార్డు తన బరువుకి తనే కూర్చుంది. "గిట్ల పండబెడితే ఇగ కదలదు అంకుల్" అని నా తెలివికి నేనే మురిసిపోయాను. గాలి చిల్లులున్న రేకు ఇప్పుడు ఆకాశం వైపు తిరిగింది. ఆ సంగతి నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్న అంకుల్ మీట నొక్కారు. ఆంటీ డికాషన్‌లో పాలు కలిపేలోపే తెర మీద అన్నీ సిద్ధం. "రాజ్యం! మొదటి విజిల్ కూడా రాలేదే!" అని కేకపెట్టారు. నెలల తర్వాత ఆ గొంతులో ఆ ఊపు విన్నాం. ఆంటీ నా వైపు చూసిన చూపు నాకు ఏ డిగ్రీ పట్టాకన్నా ఎక్కువ. అలాగని అంతా సాఫీగా ఏమీ జరగలేదు. అంకుల్ ఏదో ఫైలు మార్చబోతే కంప్యూటర్ పర్మిషన్ లేదని చెప్పింది. "మా ఇంట్లో నాకే పర్మిషన్ లేదంటుందేవిటమ్మా ఇది?" అంటే వంటింట్లోంచి ఆంటీ, "ఇన్నాళ్ళూ ఏదో ఉన్నట్టు!" అంది. తెర మీద వెంకటేశ్వరస్వామి ఫొటో పెట్టమని ఆంటీ పట్టుబట్టింది. పెద్ద ఫొటో అయితే బరువవుతుందని నేను మొండికేశాను. చివరికి ఫొటోని చిన్నది చేసి పెట్టాను. స్వామి కొంచెం మసగ్గా వచ్చారు. "పర్లేదులే, మంగళహారతి పొగలో కూడా అలాగే కనిపిస్తారు" అంది ఆంటీ.

రెండు నెలలకి ఒక కంపెనీ నుంచి కబురొచ్చింది. మెయిన్‌ఫ్రేము పని, అంకుల్‌కి కొట్టిన పిండి. ముందు ఇంటి నుంచే రెండు గంటల ఆన్‌లైన్ టెస్టు రాయాలి, లింకు ఒక్కసారే పనిచేస్తుంది. లైబ్రరీ కంప్యూటర్ దగ్గర గంటకి మించి కూర్చోనివ్వరు. నాకు సొంత ల్యాప్‌టాప్ లేదు. ఇక మిగిలింది మా గుర్రమే. నమూనా టెస్టు రెండుసార్లు రాయించి చూశాను, సూదిలో దారంలా నడిచింది. టెస్టు రోజు విజయదశమి పడింది. ఆంటీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ముందు రోజు నవమి నాడు ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ చేసింది. కారుకి, మిక్సీకి, కుట్టుమిషన్‌కి, అన్నిటికన్నా ఎక్కువగా కంప్యూటర్‌కి. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి దాని ముందు కొబ్బరి చెక్కలు, మీద కుంకుమ బొట్టు, అక్షింతలు. నెయ్యీ పసుపూ కలిపిన బియ్యం, చేత్తో ముట్టుకుంటే అంటుకుంటున్నాయి. "ఏంది ఆంటీ ఇది" అని నవ్వి, ఆ గింజల్ని అరచేత్తో ఇటొకసారి అటొకసారి తుడిచేశాను. కొన్ని కింద పడ్డాయి. తక్కినవి ఎటుపోయాయో చూడలేదు.

మర్నాడు క్లాసు మానేసి ఇంట్లోనే ఉన్నాను. అంకుల్ ఆ రోజు టై కూడా కట్టుకున్నారు, చూసేవాళ్ళెవరూ లేకపోయినా. ఆంటీ దీపం దగ్గర, నేను వంటింటి స్టూలు మీద. నలభై నిమిషాలు కీబోర్డు చప్పుడు ఆగకుండా వినిపించింది. తర్వాత ఆగింది. "శైలూ" అన్నారు అంకుల్, చాలా మెల్లగా. వెళ్ళేసరికి తెర నల్లగా ఉంది. డబ్బా మీద చెయ్యి పెడితే కాలుతోంది. మళ్ళీ ఆన్ చేస్తే నాలుగు నిమిషాలు వెలిగి ఆరిపోయింది. చల్లారనిచ్చి ఇంకోసారి చేస్తే లింకు గడువు అయిపోయిందని వచ్చింది. కంపెనీకి ఫోన్ చేస్తే రికార్డు గొంతు. మెయిల్ రాశారు. మళ్ళీ అవకాశం ఇవ్వలేమని తర్వాతి వారం మర్యాదగా జవాబొచ్చింది. ఆ మధ్యాహ్నం మాత్రం ఆంటీ గుమ్మంలో నిలబడి, "ఆ బాతుని పెట్టిన రోజే అనుకున్నాను" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

సాయంత్రం ఆంటీని పక్కింటివాళ్ళు గుడికి తీసుకెళ్ళారు. నేను రోషం కొద్దీ స్క్రూడ్రైవర్ తీశాను. లైనక్స్ తప్పు కాదని నిరూపించాలి, అదే నా గోల. రేకు తీయగానే కనిపించాయి. ఫ్యాను రెక్కల్లో ఏడు పసుపు గింజలు. ఆరు నెయ్యితో అంటుకుపోయాయి, ఒకటి రెక్కకీ అంచుకీ మధ్య ఇరుక్కుని ఫ్యానుని తిరగనివ్వకుండా పట్టేసింది. అంకుల్ వాటిని ఒక్కొక్కటే గోటితో తీసి అరచేతిలో పెట్టుకున్నారు. 

"ఈ సంగతి మీ ఆంటీకి తెలియకూడదమ్మా" అన్నారు. "నిన్న నా కోసం ఉపవాసముండి మరీ పూజ చేసింది. తెలిస్తే మళ్ళీ దేవుడి ముందు కూర్చోలేకపోతుంది."

"మరి ఏం చెప్తం అంకుల్?"

"లైనక్స్ అని చెబుదాం."

"అంకుల్! లైనక్స్ ఏం జేసింది?"

"ఏం చెయ్యలేదు తల్లీ. కానీ దానికి బాధ ఉండదుగా."

కరీంనగర్ రక్తం, మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. కానీ నిన్న సాయంత్రం ఆ రేకు మీద తిరిగిన నా అరచెయ్యి నాకు గుర్తొచ్చింది. ఆ ఏడు గింజలూ ఆంటీ చేతి నుంచి పడ్డాయో, నా చేతి తుడుపుకి పడ్డాయో దేవుడికే తెలియాలి. డబ్బాని పడుకోబెట్టింది మాత్రం నేనే. ఆ మాట అంకుల్‌తో చెప్పడానికి నోరు రాలేదు. తలూపాను. ఆయన గుప్పిట మూసుకుని వంటింట్లోకి వెళ్ళి, కాసేపటికి ఖాళీ చేతులతో వచ్చారు. మర్నాడు నేనే ఆంటీ దగ్గరికెళ్ళి, "నా లైనక్స్ వల్లనే ఆంటీ, సారీ" అన్నాను. ఆంటీ నా ముఖం వైపు కాసేపు చూసి, "సరేలే, ముందు ఇడ్లీ తిను" అంది.

ఆ తర్వాత డబ్బాని నిలబెట్టి, మర కొనుక్కొచ్చి కార్డు బిగించాను. అంకుల్‌కి ఆ ఉద్యోగమే కాదు, అలాంటిది ఇంకేదీ రాలేదు. వసంతం వచ్చాక స్కూల్ బస్సు నడపడానికి లైసెన్సు తీసుకున్నారు. మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది. ఆయనకి రాలేదు. అదే ఇస్త్రీ చొక్కా, అదే పెన్ను, కాకపోతే ఇప్పుడు "ఆఫీసుకెళ్తున్నా" అన్నాక నిజంగా ఇంట్లోంచి బయటికి వెళ్ళేవారు. ఏ స్టాపులో ఏ పిల్లలు ఎక్కుతారో, ఎవరికి వాంతులవుతాయో, ఎవరు కిటికీ దగ్గర కూర్చుంటానని పేచీ పెడతారో అంతా మా గుర్రంలో పట్టిక వేసుకున్నారు. నేను ప్లేనో వచ్చేశాక ఆదివారాలు ఫోన్ చేసి, నా క్షేమం అడగడానికి ముందే "నీ బాతు క్షేమం" అనేవారు. ఆంటీ మాత్రం ఎవరొచ్చినా, "మా శైలు బంగారం, దాని బాతే కొంప ముంచింది" అని నవ్వుతూ చెప్పేది. నేను పళ్ళు బిగబట్టి నవ్వేదాన్ని.

మెట్ల మీద కూర్చుని ఇదంతా తలుచుకుంటుంటే ఆంటీ రెండు కాఫీలతో కిందికి దిగింది. మనిషి సగమైంది. "వెలుగుతుందేమో చూడవే" అంది. వైర్లు పెట్టి మీట నొక్కాను. ఫ్యాను గుర్రుమంది. కాఫీ చల్లారకముందే మసగ్గా వెంకటేశ్వరస్వామి వచ్చారు, ఆయన కింద బస్సు పిల్లల పట్టిక. మా ఇంట్లో ఇప్పుడు నాలుగు కంప్యూటర్లున్నాయి, అన్నీ రెప్పపాటులో వెలుగుతాయి. ఏది వెలిగినా "రాజ్యం!" అని కేకపెట్టినట్టు ఎవరూ ఎవరినీ పిలవరు. నేను కూడా.

"ఆ దోమతెర ఎందుకు వేశారో తెలుసా నీకు?" అంది ఆంటీ ఉన్నట్టుండి.

"దుమ్ము పడకుండా అనుకుంట."

"అక్షింతలు పడకుండానే."

కాఫీ కప్పు కింద మెట్టు మీద పెట్టేశాను. ఆంటీ నా పక్కన మెట్టు మీద కూర్చుంది. "దేవుడి అక్షింతలు చెత్తబుట్టలో వెయ్యడానికి ఆయనకి చెయ్యెలా వస్తుందే? తులసి కుండీలో వేశారు. తెల్లారి నీళ్ళు పోద్దామని వెళ్తే మట్టి మీద ఏడు గింజలు, వాటికి నల్లటి మసి, ఆ డబ్బా తుడిచినప్పుడు గుడ్డకి అంటుకునేదే. అదంతా ఎక్కడిదో నాకు తెలియదూ?  చెప్పేద్దామని ఆయన దగ్గరికెళ్తే, ఆయన నాకు తెలియకుండా ఎంత జాగ్రత్త పడుతున్నారో కనిపించింది. అంత కష్టపడి దాచినదాన్ని నేనెలా బయటపెట్టను? ఆయన పోయేదాకా తెలియనట్టే ఉన్నాను. కానీ నీ బాతుని తిట్టినప్పుడల్లా లోపల చచ్చిపోయేదాన్నే. నన్ను క్షమించు."

"ఆంటీ, మీరు కాదు, నేనే" అన్నాను. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. డబ్బాని పడుకోబెట్టడం, అరచేత్తో తుడవడం, అంకుల్‌కి కూడా చెప్పకపోవడం, అన్నీ. ఆంటీ ముక్కు చీదుకుంటూ విని, "ఏడు గింజలకి ముగ్గురు దొంగలమా!" అంది. అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు వినడానికి అంకుల్ లేకపోవడం ఒక్కటే నాకు భరించలేనిదిగా ఉంది.

డబ్బాని చీరముక్కలోనే చుట్టి సూట్‌కేసులో పెట్టుకున్నాను. టాక్సీ వచ్చింది. ఆంటీ అక్షింతల గిన్నె పట్టుకొచ్చింది. దణ్ణం పెట్టబోయాను, భుజాన ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగ్ వేలాడుతోంది. ఆంటీ గుప్పిటతో చెయ్యెత్తి, నా తల మీద ఆపేసింది.

"ముందు ఆ బ్యాగ్ జిప్ వేసుకోవే తల్లీ" అంది.

వేసుకుని, వంగాను.